స్కూల్ రూల్స్ మీద రాసిన కవితను ఎలా విశ్లేషించాలి?

టీనేజ్ పిల్లల మనసూ బడి నియమాలూ కలిసిన కవిత ఇచ్చి విశ్లేషించమంటే, చాలామంది ‘కవి నియమాలను వ్యతిరేకించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ తొందరే మార్కులు తినేస్తుంది, కవితనూ దూరం చేస్తుంది. ఉదాహరణ కోసం నేను రాసిన ఈ నాలుగు పాదాలు చూడండి.

రెండు జడలే వేసుకు రమ్మన్నారు, వేసుకున్నాను
ఎర్ర రిబ్బనే కట్టుకోమన్నారు, కట్టుకున్నాను
నోటుబుక్కు ఆఖరి పేజీలో మాత్రం
జుట్టు విరబోసుకున్న నన్ను గీసుకున్నాను

ముందు రెండుసార్లు పైకి చదవండి. మొదటి రెండు పాదాలు ఒకే మూసలో, డ్రిల్ పీరియడ్‌లో అడుగులు పడ్డట్టు నడుస్తాయి. మూడో పాదంలో ఆ నడక మారుతుంది. అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

తర్వాత, ఎవరు మాట్లాడుతున్నారో చూడండి. ‘నేను’ అని ఉన్నంత మాత్రాన అది కవి కానక్కర్లేదు. ఇక్కడ మాట్లాడేది ఒక బడిపిల్ల. మరి ‘రమ్మన్నారు’ అన్నది ఎవరు? ఆ వాక్యంలో కర్త కనిపించదు. టీచరా, హెడ్‌మాస్టరా, ఇంట్లో పెద్దలా? ఆ పిల్లకు రూల్ వినిపిస్తుంది కానీ అది పెట్టిన మనిషి కనిపించడు.

ఇప్పుడు అసలు పని, మాటల దగ్గర ఆగడం. ‘జడలే’, ‘రిబ్బనే’లో ఉన్న ఆ చిన్న ఏకారం చూడండి. ఇంకో దారి లేదని చెప్పేది అదే. వేసుకున్నాను, కట్టుకున్నాను, గీసుకున్నాను: మూడింటిలోనూ ‘తనకు తాను’ అనే అర్థమిచ్చే ‘కొను’ ఉంది (‘-కున్నాను’లో దాగినది అదే). మొదటి రెండూ ఎవరో చెబితే చేసినవి, మూడోది ఎవరూ చెప్పకుండా తన కోసం చేసుకున్నది. వ్యాకరణం ఒకటే, మనసు వేరు. నాకు ఈ పాదాల్లో ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. ఇక ఆఖరి పేజీ అంటే టీచర్ దిద్దని పేజీ. బడికి వెళ్లిన ఎవరికైనా అది తెలుసు.

కవితలో లేని కోపాన్ని మీరు తెచ్చి పెట్టకండి. ఈ పిల్ల రిబ్బన్ విప్పి పారేయలేదు, ఎదురు చెప్పలేదు.

బయటి విషయం కవితకు పనికొస్తేనే తీసుకోండి. కేరళలో జాతీయ గీతం పాడకుండా గౌరవంగా నిలబడ్డ ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, అది చెల్లదని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. మౌనం కూడా భావ ప్రకటనే అని వాదించడానికి ఇది ఇక్కడ ఒక్క వాక్యంలో సరిపోతుంది. అంతకు మించితే కవిత పక్కకు పోతుంది.

చివరగా ఒక పక్షం తీసుకోండి. ఆ బొమ్మ స్వేచ్ఛా, దాక్కోవడమా? ఏది అన్నా తప్పు కాదు. కానీ మీరు రాసిన ప్రతి మాట కింద కవితలోని ఏదో ఒక పదం ఉండాలి. లేకపోతే ఆ వాక్యం కొట్టేసి, మళ్లీ మొదటి పాదం దగ్గరికి వెళ్లండి.