పాత కాంపర్ వ్యాన్‌కి సామాను కొనేముందు మూడో అంకె చూడండి

పాత ఫోక్స్‌వ్యాగన్ కాంపర్‌కి (లోపలే పడుకునే వీలున్న వ్యాన్; టైప్ 2, ముందు పెద్ద ఒంటి అద్దం ఉన్న మోడల్) పార్టులు ఆర్డర్ పెట్టేటప్పుడు రిజిస్ట్రేషన్ కాగితంలోని సంవత్సరం చెప్పకండి, ఛాసిస్ నంబర్ చెప్పండి. నేను కాగితం చూసి "1970" అని చెప్పి ముందు బ్రేక్ డ్రమ్ములు తెప్పించాను. చక్రం విప్పి చూస్తే లోపల డిస్క్!

అప్పట్లో ఫ్యాక్టరీ ఆగస్టులోనే తర్వాతి ఏడాది మోడల్ మొదలుపెట్టేది. 1970 ఆగస్టు నుంచి ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి, చక్రం బోల్టుల వలయం వ్యాసం 205 మి.మీ. నుంచి 112కి తగ్గింది. అంటే 1970 చివర్లో రోడ్డెక్కిన బండికి 1971 సామానే పడుతుంది. పాత రిమ్ములు అసలు ఎక్కవు.

ఛాసిస్ నంబర్‌లో పది అంకెలుంటాయి. 231తో మొదలైతే ఆ మూడో అంకె 1 అంటే 1971 మోడల్, 230 అయితే 1970. ఇంజన్ గదిలో రేకు మీదే కొట్టి ఉంటుంది. మసి, నూనె పట్టి కనపడకపోతే కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడవండి. సాండ్‌పేపర్ మాత్రం వద్దు, అంకెలే అరిగిపోతాయి. కనపడగానే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంకోటి. వెనక ఇంజన్ ఎప్పుడైనా మార్చి ఉండొచ్చు, యాభై ఏళ్ల బండి కదా. ఇంజన్ సామానుకి మాత్రం ఇంజన్ మీదున్న నంబరే చూసుకోండి.