సభలో రికార్డు చూసి ఎంపీ, ఎమ్మెల్యే అభ్యర్థిని అంచనా వేయడం ఎలా?

బెంగళూరులో ఎన్నికలు దగ్గరపడగానే తెలుగువాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మొదలవుతుంది. ఫలానా ఎంపీ హాజరు ఇంత శాతం, అడిగిన ప్రశ్నలు ఇన్ని, ర్యాంకు ఇంత. చదువుకున్నవాళ్లు కూడా దాన్ని చూసి ఓటు ఎవరికో తేల్చేసుకుంటారు. అది రికార్డు చూడటం కాదు. ఆ అంకెలు ఎలా వచ్చాయో చూస్తేనే రికార్డు చూసినట్టు. దీనికి రెండు సాయంత్రాలు చాలు.

కావలసినవి ఒక ల్యాప్‌టాప్, ఒక నోట్‌బుక్. ఫోన్‌లో పొడవాటి పీడీఎఫ్‌లు చదవలేరు. ఎక్సెల్ మాత్రం వద్దు. గడుల్లో అంకెలు నింపగానే చెయ్యి ఆగదు, కూడేస్తారు, మళ్లీ ర్యాంకుల దగ్గరికే వస్తారు. చేత్తో రాసుకోవాలి, ఒక్కో అభ్యర్థికి ఒక పేజీ.

ముందు మీ నియోజకవర్గం ఏదో ఖాయం చేసుకోండి. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ఉన్నవాళ్లు మహదేవపుర అసెంబ్లీ కిందికి, బెంగళూరు సెంట్రల్ లోక్‌సభ కిందికి వస్తారు. పక్కనే ఉన్న కేఆర్ పురం బెంగళూరు నార్త్‌లో ఉంది. ఒకే ఆఫీసులో పక్కపక్క సీట్లలో కూర్చునేవాళ్లకు వేర్వేరు ఎంపీలు ఉండొచ్చు. ఓటు ఇంకా ఊళ్లోనే ఉంటే ఫారం 8 పెట్టి ఇక్కడికి మార్చుకోండి. మార్చుకోకపోతే ఈ పనంతా ఊరి ఎంపీ గురించి చేయాలి.

తర్వాత పార్లమెంటు వెబ్‌సైట్, చట్టసభల పనిని పరిశీలించే పీఆర్‌ఎస్ సంస్థ వాళ్ల ఎంపీ ట్రాక్, అఫిడవిట్ల కోసం మైనేత సైట్ తెరవండి. అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు, అప్పులు ఉంటాయి. అది పది నిమిషాల పని.

హాజరు దగ్గర ఒక్క జాగ్రత్త. రిజిస్టర్‌లో సంతకం పెట్టే పద్ధతి ఉన్నన్నాళ్లూ, సంతకం పెట్టి అయిదు నిమిషాల్లో బయటికి వెళ్లినా హాజరే. మంత్రుల హాజరు లెక్కలోకి రాదు, వాళ్లు ప్రశ్నలూ అడగరు. కాబట్టి మంత్రిగా ఉన్న ఎంపీ పేరు పక్కన ఖాళీ కనిపిస్తే అది తప్పు కాదు. ఉప ఎన్నికలో గెలిచి మధ్యలో వచ్చినవాళ్లను అయిదేళ్లు ఉన్నవాళ్లతో పోల్చకండి. ప్రశ్నల సంఖ్య కూడా అంతే. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్ ప్రశ్నలు (సభలో నోటితో జవాబు చెప్పేవి), 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు (రాతలో జవాబు ఇచ్చేవి) జాబితాకెక్కుతాయి. ఏవి ఎక్కాలో తేలేది లాటరీలో. ఎన్ని అడిగారన్నది వదిలేసి, ఒక పది ప్రశ్నలు తెరిచి చదవండి. సబర్బన్ రైలు గురించో బెళ్లందూరు చెరువు గురించో అడిగారా, లేక ఏ రాష్ట్రం ఎంపీ అయినా అడగగలిగే ప్రశ్నేనా అన్నది మొదటి రెండు లైన్లలోనే తెలిసిపోతుంది.

ఇక ఓటింగ్. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, అందుకే నిదానంగా చెబుతాను.

మొదటి సంగతి, చాలా బిల్లులకు వ్యక్తిగత ఓటు రికార్డే ఉండదు. మన సభల్లో మామూలు పద్ధతి మూజువాణి ఓటు. అవునన్నవాళ్ల గొంతు ఎక్కువ వినిపించిందని స్పీకర్ ప్రకటిస్తే బిల్లు పాసైనట్టే. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు లోక్‌సభలో పాసైంది అలాగే. తెలుగువాళ్ల జీవితాలను మార్చిన ఆ బిల్లుకు ఏ ఎంపీ అవునన్నాడో, ఎవరు కాదన్నారో పేరుపేరునా చూపించే జాబితా లేదు. ఎవరైనా సభ్యుడు పట్టుబట్టి డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టే పద్ధతి, అడిగితేనే పేర్లు నమోదవుతాయి. రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి డివిజన్ తప్పదు. 2023 సెప్టెంబర్ 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు అనుకూలంగా 454, వ్యతిరేకంగా 2 ఓట్లు వచ్చాయని మనకు తెలిసింది అందువల్లే. మీ ఎంపీ పేజీలో ముందు అలాంటి డివిజన్లే రాసుకోండి.

డివిజన్ జాబితా ఆ రోజు చర్చల పీడీఎఫ్‌లో ఉంటుంది. డివిజన్ నంబర్, సమయం, కింద అనుకూలం, వ్యతిరేకం అని పేర్లు వరుసగా వస్తాయి. పేరు లేదని అక్కడే ఆగిపోవద్దు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, మెషీన్‌లో కాకుండా స్లిప్పు మీద ఓటేసినవాళ్ల పేర్లు, ఓటు సరిదిద్దుకున్నవాళ్ల పేర్లు ఉంటాయి. ఆ రెండు లైన్లు చదవకుండా ‘మన ఎంపీ ఓటింగ్‌కే రాలేదు’ అని గ్రూపులో పెట్టేస్తారు. అలాంటి మాట ఒకసారి బయటికి వెళ్లాక వెనక్కి తేలేం.

రెండో సంగతి విప్, అంటే ఎటు ఓటేయాలో పార్టీ తన సభ్యులకు ఇచ్చే ఆదేశం. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం, పార్టీ విప్ జారీ చేశాక దానికి వ్యతిరేకంగా ఓటేసినా, అనుమతి లేకుండా ఓటింగ్‌కు దూరంగా ఉన్నా, 15 రోజుల్లో పార్టీ మన్నించకపోతే అనర్హత వేటు పడొచ్చు. అంటే విప్ ఉన్న ఓటు పార్టీది, మనిషిది కాదు. విదేశీ వెబ్‌సైట్లలో చూసి ‘ఇన్నిసార్లు ఇటు ఓటేశాడు’ అని లెక్క కట్టే పద్ధతి ఇక్కడ పనికిరాదని నేను అంత గట్టిగా చెప్పేది ఇందుకే. అలా లెక్కిస్తే ఒకే పార్టీలో ఉన్న సోమరికి, కష్టపడేవాడికి ఒకే మార్కులు వస్తాయి.

విప్‌ను ధిక్కరించిన ఓటు కనిపిస్తే మాత్రం ఆ తర్వాత ఏం జరిగిందో చివరిదాకా చదవాలి. మన బెంగళూరులోనే ఉదాహరణ ఉంది. 2019 జూలై 23న కర్ణాటక అసెంబ్లీలో కుమారస్వామి ప్రభుత్వం 99-105 తేడాతో బలపరీక్షలో ఓడింది. సభకు రాని ఎమ్మెల్యేలతో కలిపి మొత్తం 17 మందిని స్పీకర్ అనర్హులను చేశారు. వాళ్లలో కేఆర్ పురం, యశవంతపుర, మహాలక్ష్మి లేఅవుట్ ఎమ్మెల్యేలు అదే డిసెంబర్‌లో వేరే పార్టీ టికెట్‌పై మళ్లీ గెలిచారు. ఒట్టి హాజరు శాతంలో ఆ ఒక్క రోజు గైర్హాజరు కనిపించనే కనిపించదు. ప్రభుత్వం పడిపోయింది మాత్రం ఆ రోజే.

మరి మనిషి గురించి తెలిసేది ఎక్కడ? బిల్లులను, శాఖల పనిని పరిశీలించే ఎంపీల బృందాలైన స్టాండింగ్ కమిటీల నివేదికల్లో. చివరి పేజీల్లో ఒక్కో సమావేశానికి ఎవరొచ్చారో పేర్లు ఉంటాయి. టీవీ కెమెరాలు లేని గదికి కూడా వెళ్లి కూర్చున్నవాళ్లు అక్కడ దొరుకుతారు. అసమ్మతి నోట్ రాసి ఉంటే తప్పకుండా చదవండి. ప్రైవేటు సభ్యుల బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టేది) పెట్టి ఉంటే పాసైందా అని చూడకండి, 1970 తర్వాత అలాంటిది ఒక్కటీ చట్టం కాలేదు. బిల్లులో ఏం రాశారో చూడండి.

ఎమ్మెల్యే విషయంలో శ్రమ ఎక్కువ, చర్చలు కన్నడంలో ఉంటాయి. తెలుగు చదవడం వచ్చినవాళ్లకు కన్నడ లిపి కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది, కాబట్టి అది సాకు కాదు. ఇక్కడ ఉంటూ ఓటేయాలంటే నేర్చుకోవాల్సిందే. కార్పొరేటర్‌గా చేసినవాళ్లయితే, పాత నగరపాలిక బీబీఎంపీ కౌన్సిల్ గడువు 2020 సెప్టెంబర్‌లోనే ముగిసింది కాబట్టి అంతకు ముందు సంగతులే వెతకాలి.

అభ్యర్థి మీ అపార్ట్‌మెంట్ మీటింగ్‌కు వచ్చినప్పుడు ఈ పేజీ చేతిలో ఉండాలి. ఒక్క ప్రశ్న చాలు, తేదీతో సహా అడగండి: ‘ఫలానా రోజు డివిజన్‌లో మీ పేరు లేదండీ, ఎందుకని?’ కారణం చెబితే రాసుకోండి. ‘పార్టీ నిర్ణయం’ అని మాత్రమే అంటే అదీ రాసుకుని, ఇంటికొచ్చి ఆ బిల్లు గురించి పార్టీ మేనిఫెస్టోలో ఏముందో పక్కన పెట్టి చూడండి.