నాయకులకు సమయపాలన – మూడవ పాఠం: ‘చూసి చెప్తాను’ అనే ముందు

మొదటి రెండు పాఠాలలోని అభ్యాసాలు చేసినవారి దగ్గర ఈపాటికి ఐదు పనిదినాల సమయ పట్టిక ఒకటి సిద్ధంగా ఉండాలి. పదిహేను నిమిషాలకు ఒక వరుస చొప్పున, చేసిన పనిని చేసిన వెంటనే రాసుకున్న పట్టిక అది. సాయంత్రం కూర్చొని జ్ఞాపకం మీద నింపినదైతే, దయచేసి ఈ పాఠాన్ని ఒక వారం వాయిదా వేసి పట్టికను మళ్ళీ రాయండి. చిన్న చిన్న అంతరాయాలు సాయంత్రానికి గుర్తుండవు, ఈ పాఠమంతా వాటి గురించే.

ఆ పట్టికను ముందు పెట్టుకొని, రంగు పెన్సిలు ఒకటి చేతిలోకి తీసుకొని, ఒకే ప్రశ్న వేసుకుంటూ పైనుంచి కిందికి రండి: ఈ పని మొదట ఎవరిది? ‘నాది కాదు’ అని జవాబు వచ్చిన ప్రతి వరుస కిందా గీత గీయండి. ఒక బృందం బాధ్యత తీసుకున్న తొలి ఏడాదిలో నేను ఈ గీతలు గీసినప్పుడు, అన్నిటికంటే ముఖ్యమని నేనే చెప్పుకుంటూ వచ్చిన వార్షిక ప్రణాళికకు ఆ వారంలో మూడు వరుసలు, అంటే నలభై అయిదు నిమిషాలు దక్కాయి. ఇతరులు మొదలుపెట్టి నా దగ్గర వదిలిన పనులకు నలభై ఒక్క వరుసలు పోయాయి, అంటే పది గంటల పైమాటే. అప్పటిదాకా నాకు సమయం చాలడం లేదనే అనుకున్నాను. నా సమయంలో అంత భాగం ఇతరుల పనికి నేనే ఇస్తున్నానని ఆ కాగితం చూశాకే తెలిసింది.

ఇక్కడ ఒక అపోహను తొలగించుకొని ముందుకు వెళ్ళడం మంచిది. నాయకుని రోజు ముక్కలు ముక్కలుగా గడవడం దానికదే లోపం కాదు. హెన్రీ మింట్జ్‌బర్గ్ అనే పరిశోధకుడు ఐదుగురు ముఖ్య కార్యనిర్వహణాధికారులను ఒక్కొక్కరిని ఒక్కో వారం పాటు దగ్గరుండి గమనించి, వారు చేసిన పనులను నమోదు చేసి, 1973లో ఆ ఫలితాలను పుస్తకంగా ప్రచురించారు. వారి పనులలో సగం తొమ్మిది నిమిషాలు నిండకముందే ముగిశాయి, గంట దాటినవి పది శాతమే. నలుగురి పనినీ నడిపించేవారి దగ్గరికి నలుగురూ వస్తారు, రావాలి కూడా. అందువల్ల ఈ పాఠం తలుపు మూసుకోవడం నేర్పదు. వచ్చినవారు తొమ్మిది నిమిషాల తరువాత వెళ్ళిపోతూ మీ బల్ల మీద ఏం వదిలి వెళ్తున్నారో చూడటం నేర్పుతుంది.

ఒక చిన్న సంభాషణను దగ్గరగా చూద్దాం. ఒక విభాగాధిపతి మీటింగ్‌కు ఆలస్యమవుతుందని వడివడిగా నడుస్తున్నారు. వరండాలో ఆమె బృందంలోని ఒకరు ఎదురయ్యారు.

“మేడమ్, ఒక్క నిమిషం. ఆ క్లయింటు డెలివరీ తేదీని ముందుకు జరపమంటున్నారు. ప్రొడక్షన్ వాళ్ళేమో కుదరదంటున్నారు. ఏం చేద్దామంటారు?”

“అవునా? ఎప్పటికి కావాలంటున్నారు?”

“ఇరవయ్యో తేదీకి. మనం ముప్పై అని ఒప్పుకున్నాం.”

“సరే, ఆ మెయిల్ నాకు ఫార్వర్డ్ చేయండి. నేను చూసి చెప్తాను.”

“అలాగే మేడమ్, థాంక్యూ.”

అంతా కలిపి నిమిషం కూడా పట్టలేదు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడుకున్నారు, తప్పు పట్టడానికి ఏమీ కనిపించదు. అయితే ఈ నిమిషానికి ముందు పని ఎవరి దగ్గర ఉందో, తరువాత ఎవరి దగ్గరికి చేరిందో గమనించండి. క్లయింటుతో మాట్లాడినది ఆ ఉద్యోగి, ప్రొడక్షన్‌వారు ఎందుకు కుదరదన్నారో విన్నది కూడా ఆయనే. విషయం బాగా తెలిసినవారి చేతిలోంచి పని జారి, అందులో ఒక్క మెయిల్ కూడా చదవనివారి చేతిలో పడింది. రేపు ఉదయం ఆయన వచ్చి “మేడమ్, ఆ విషయం చూశారా?” అని అడుగుతారు. అధికారి చేయవలసిన ఫాలో అప్ ఉద్యోగి చేస్తున్నారు, ఉద్యోగి చేయవలసిన పని అధికారి చేస్తున్నారు. ఈ తారుమారుకు కారణం ‘చూసి చెప్తాను’ అన్న రెండు మాటలే.

విలియం ఆంకెన్, డొనాల్డ్ వాస్ అనే ఇద్దరు 1974లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఇలాంటి పనిని కోతితో పోల్చారు. మాట్లాడుకుంటున్నంత సేపూ ఆ కోతి ఒక కాలు ఉద్యోగి వీపు మీద, ఒక కాలు అధికారి వీపు మీద వేసుకొని ఉంటుంది. అధికారి నోటినుంచి ‘నేను ఆలోచించి చెప్తాను’ అన్న మాట రాగానే రెండో కాలు కూడా ఎత్తి ఇటు దూకేస్తుంది. వారి దృష్టిలో కోతి అంటే సమస్య మొత్తం కాదు, ఆ సంభాషణ ముగిశాక వేయవలసిన తరువాతి అడుగు. ఈ తేడాను మనసులో బాగా నాటుకోండి. మీరు సలహా ఇవ్వవచ్చు, దారి చూపవచ్చు, పక్కన కూర్చొని అరగంట సాయం చేయవచ్చు. ఇద్దరూ విడిపోయేటప్పుడు తరువాతి అడుగు ఎవరిది అన్నదానికి జవాబు ‘నాది’ కాకపోతే చాలు.

లెక్క వేసి చూస్తే దీని బరువు తెలుస్తుంది. మీ బృందంలో ఏడుగురు ఉన్నారనీ, ఒక్కొక్కరు రోజుకు రెండు పనులను ఇలా మీ దగ్గర వదిలారనీ, ఒక్కో పనికి పది నిమిషాలే పట్టిందనీ అనుకుందాం. రోజుకు పద్నాలుగు, వారానికి డెబ్బై పనులు, ఏడు వందల నిమిషాలు. అంటే పదకొండు గంటల నలభై నిమిషాలు. నలభై అయిదు గంటల పనివారంలో ఇది పావు వంతును మించుతుంది. ఇందులో మనసు మోసే బరువును కలపలేదు. పూర్తికాని పని చేతిలో లేనప్పుడు కూడా మెదడులో మెదులుతూ, చేస్తున్న మరో పనికి అడ్డం పడుతుందని మాసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాలలో చూపించారు. ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో కచ్చితంగా నిర్ణయించుకున్నవారికి, పని ఇంకా మిగిలే ఉన్నా, ఆ అడ్డు తొలగిపోవడం కూడా అదే పరిశోధనలో కనిపించింది. ‘చూసి చెప్తాను’ అన్న మాటలో ఎప్పుడు అన్నదీ లేదు, ఎలా అన్నదీ లేదు. అందుకే అది అంతగా అలసట తెస్తుంది.

మరి ఎందుకంటాం ఆ మాట? తొందరలో ఉండటం ఒక కారణం, కానీ అదే అసలు కారణమని నేను నమ్మను. మనలో చాలామందిమి పనిని బాగా చేసినందుకే నాయకులమయ్యాం. చిక్కుముడి ఎదురైతే చేయి దానంతటదే ముందుకు వెళ్తుంది, విప్పాక కలిగే తృప్తి నిజమైనది. కొత్తగా వచ్చి పడిన నాయకత్వపు పనిలో అంత త్వరగా తృప్తి దొరకదు కాబట్టి, పాత పనిలోకి జారుకోవడం హాయిగా ఉంటుంది. ఇక ఉద్యోగి వైపు నుంచి చూస్తే, తన నిర్ణయం తప్పయితే మాట పడాలన్న భయం ఉంటుంది, ఎంతవరకు తాను నిర్ణయించవచ్చో ఎవరూ చెప్పకపోవడం వల్ల కలిగిన సందేహం ఉంటుంది. ఈ రెండింటికీ మందు మన దగ్గరే ఉంది. గతంలో ఎవరైనా సొంతంగా నిర్ణయం తీసుకొని పొరబడినప్పుడు మనం నలుగురిలో ఏమన్నామో గుర్తు చేసుకుంటే, మన గది ముందు వరుస ఎందుకు పెరిగిందో కొంత అర్థమవుతుంది.

ఆంకెన్, వాస్‌లు ఉద్యోగి చొరవను ఐదు మెట్లుగా చూపారు. అన్నిటికంటే కింది మెట్టు మీద ఉన్నవారు చెప్పేదాకా ఆగుతారు. దానిపై మెట్టువారు ఏం చేయమంటారని అడుగుతారు. మూడో మెట్టు మీద ఉన్నవారు ఇలా చేద్దామని తామే ప్రతిపాదించి, ఒప్పుకోగానే చేస్తారు. నాలుగో మెట్టువారు చేసేసి వెంటనే తెలియజేస్తారు. ఐదో మెట్టువారు తమంతట తాము చేసుకుపోయి, మామూలుగా జరిగే సమీక్షలో చెప్తారు. కింది రెండు మెట్లను బృందంలో ఎవరికీ అనుమతించవద్దని వారి సలహా. వరండాలోని సంభాషణ రెండో మెట్టు మీద జరిగింది. దానిని మూడో మెట్టుకు ఎక్కించడమే ఈ వారం మన సాధన. నాలుగు, ఐదు మెట్ల జోలికి ఇప్పుడే వెళ్ళవద్దు.

అదే సంభాషణ మూడో మెట్టు మీద ఇలా నడుస్తుంది.

“ఏం చేద్దామంటారు?”

“ప్రొడక్షన్ వాళ్ళు మొత్తం కుదరదన్నారా, కొంత భాగమైనా ఇవ్వగలమన్నారా?”

“అది అడగలేదు మేడమ్.”

“అడిగి చూడండి. ఎంత ఇవ్వగలరో తెలిశాక, క్లయింటుకు ఏం చెప్పాలనుకుంటున్నారో రెండు మార్గాలు రాసి, వాటిలో మీకు ఏది మంచిదనిపిస్తుందో చెప్పండి. సాయంత్రం నాలుగున్నరకు పది నిమిషాలు కూర్చుందాం.”

ఇందులో గమనించవలసినవి రెండు. మొదటిది, ఆమె సమాధానం ఇవ్వకుండా తప్పించుకోలేదు. ఆయన చూడని చోటును చూపించారు. “మీరే చూసుకోండి” అని పంపేయడానికీ దీనికీ ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం ఉంది. అలా పంపేయడం బాధ్యత అప్పగించడం కాదు, వదిలించుకోవడం. అవతలివారికి ఆ తేడా ఆ క్షణంలోనే తెలుస్తుంది. రెండవది, నాలుగున్నర అన్న గడియారపు గుర్తు. తరువాతి అడుగు ఆయనది, కానీ ఆ అడుగు ఎప్పుడు పడుతుందో ఇద్దరికీ తెలుసు కాబట్టి, ఆమె మీటింగ్‌లో నిశ్చింతగా కూర్చోగలరు.

తిరిగి ఇవ్వకూడని పనులు కొన్ని ఉన్నాయి, వీటి విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. మనుషుల భద్రతకు ముప్పు, చట్టాన్ని మీరిన వ్యవహారం, వేధింపుల ఫిర్యాదు, సహోద్యోగి తన ఆరోగ్యం గురించో ఇంట్లో కష్టం గురించో ఎంతో ధైర్యం కూడదీసుకొని చెప్పుకునే మాట మీ దగ్గరికి వస్తే, ఈ పాఠాన్ని ఆ పూటకు పక్కన పెట్టండి. “మీరేం చేద్దామనుకుంటున్నారు?” అన్న ప్రశ్న అక్కడ క్రూరంగా వినిపిస్తుంది. అక్కడ తరువాతి అడుగు మీదే, అదీ ఆ రోజే. అలాగే మీ సంతకం లేకుండా జరగని పనిని తిరిగి పంపడంలో అర్థం లేదు. చేరి నెల కూడా కాని కొత్త ఉద్యోగిని రెండు మార్గాలు రాసుకురమ్మనడం కూడా తొందరపాటే. వారితో మొదటి రెండు మూడుసార్లు మీరే కలిసి కూర్చొని రాయండి, పెన్ను మాత్రం వారి చేతిలో ఉంచండి.

ఇక ఈ వారం అభ్యాసం. ఒక కాగితం మీద నాలుగు గడులు గీసుకోండి: ఎవరు తెచ్చారు, ఏం తెచ్చారు, తరువాతి అడుగు ఎవరిది, ఎప్పుడు మాట్లాడుకుంటాం. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ దగ్గరికి వచ్చిన ప్రతి పనిని, అది నడవలో వచ్చినా, ఫోన్‌లో వచ్చినా, ఇందులో ఒక వరుసగా రాయండి. పై ఉదాహరణ ఇలా చేరుతుంది: ‘సేల్స్ విభాగం – క్లయింటు డెలివరీ తేదీ – వారు ప్రొడక్షన్‌ను అడిగి రెండు మార్గాలు రాయాలి – ఈ రోజు 4.30.’ మూడో గడిలో మీ పేరు రాయవలసి వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, అది నిజంగా మీరే వేయవలసిన అడుగా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. అవునంటే రాయండి, వెంటనే నాలుగో గడి కూడా నింపండి. నాలుగో గడి ఖాళీగా ఉన్న వరుస ఒక్కటి కూడా ఉండకూడదు.

మెయిల్‌లో వచ్చేవి మరింత జారుడుగా ఉంటాయి. ‘మీ అభిప్రాయం తెలుపగలరు’ అంటూ వచ్చిన మెయిల్‌కు వెంటనే జవాబివ్వాలనిపిస్తుంది. పంపినవారి సొంత అభిప్రాయం అందులో లేకపోతే, జవాబులో మొదట దానినే అడగండి. ఒక్క వాక్యం చాలు: ‘మీరు వీటిలో దేనికి మొగ్గుతున్నారో, ఎందుకో రాయండి; రేపు పదకొండుకు మాట్లాడుకుందాం.’

మొదటి వారంలో పనులు నెమ్మదిస్తాయి. మీరు పది నిమిషాలలో చేయగలిగినదానికి వారికి గంట పడుతుంది, వచ్చిన ప్రతిపాదన మీరు రాసేదానంత చక్కగా ఉండదు. అప్పుడు “ఇలా ఇవ్వండి, నేను సరిచేస్తాను” అని కాగితం లాక్కోవాలనిపిస్తుంది. అది ‘చూసి చెప్తాను’ అన్న మాటకు మారువేషం. లోపం ఉన్న చోట వేలు పెట్టి చూపండి, సరిచేయడం వారికే వదలండి. చిన్న తప్పుతో బయటికి వెళ్ళినా ప్రమాదం లేని పని అయితే, అలాగే వెళ్ళనివ్వండి.

శుక్రవారం సాయంత్రం మూడో గడిలో మీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, పాఠం మొదట్లో మీరు గీసిన గీతల సంఖ్య పక్కన రాసుకోండి. మీ పేరు మళ్ళీ మళ్ళీ ఒకే మనిషి పక్కన వస్తోందేమో కూడా చూడండి. వస్తే ఆ ఒక్కరితో, ఏ విషయాలలో వారు మిమ్మల్ని అడగనవసరం లేదో స్పష్టంగా మాట్లాడే సమయం వచ్చింది. నాలుగో పాఠం ఆ సంభాషణ గురించే. ఆ పాఠానికి వచ్చేటప్పుడు ఈ కాగితాన్ని, మీ బృందంలో ప్రతి ఒక్కరూ ఇప్పుడు ఎంతవరకు సొంతంగా నిర్ణయించగలరో ఒక్కో వాక్యంలో రాసిన జాబితాను దగ్గర ఉంచుకోండి.