భూటాన్ సర్కారు బడిలో పాఠం చెప్పడానికి వెళ్తున్నారా?

భూటాన్ సర్కారు బడిలో లెక్కలో సైన్సో చెప్పడానికి కాంట్రాక్టు కుదిరితే, పెట్టె సర్దుకునే ముందు ఆ బడి ఎలా పెరిగిందో కాస్త తెలుసుకోండి. వెళ్లిన మొదటి నెలలో వింతగా తోచే వాటిలో సగానికి కారణం అక్కడే దొరుకుతుంది.

ఒకప్పుడు ఆ దేశంలో చదువంటే బౌద్ధ మఠాల చదువే. మొదటి రాజు ఉగ్యెన్ వాంగ్‌చుక్ కాలంలో, 1914లో, హా లోయలో ఉగ్యెన్ దోర్జీ చేతుల మీదుగా కొత్త తరహా బడి మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు పెద్ద కదలిక లేదు. 1952లో గద్దెనెక్కిన మూడో రాజు జిగ్మే దోర్జీ వాంగ్‌చుక్ హయాంలో బళ్లు ఊళ్లకు చేరాయి. 1961లో భారత్ సాయంతో మొదటి పంచవర్ష ప్రణాళిక పెట్టాక వేగం వచ్చింది. పుస్తకాలూ పంతుళ్లూ మన దేశం నుంచే వెళ్లేవారు కాబట్టి మొదట్లో హిందీలోనే బోధించారు. 1960ల తొలి ఏళ్లలో ఇంగ్లిష్‌కు మారారు. ఇప్పుడు వాళ్ల జాతీయ భాష జోంగ్‌ఖా తప్ప మిగతా పాఠాలు దాదాపు అన్నీ ఇంగ్లిష్‌లోనే. హిందీ సినిమాల పుణ్యమా అని పిల్లలకు హిందీ బాగానే అర్థమవుతుంది. అయినా క్లాసులో హిందీలోకి జారిపోకండి, అది బడి పద్ధతి కాదు. మన యాసలో గబగబా మాట్లాడే ఇంగ్లిష్ వాళ్లకు అందదు. మొదటి రెండు వారాలు నెమ్మదిగా చెప్పి, ముఖ్యమైన మాటలు బోర్డు మీద రాయండి.

బడి ఎదుగుదలకు మంచి ఉదాహరణ తూర్పున కాంగ్‌లుంగ్‌లోని షెరుబ్‌ట్సే. అంతకుముందు డార్జిలింగ్ కొండల్లో పనిచేసిన కెనడా క్యాథలిక్ పాదిరీ (జెసూట్ సంఘం) ఫాదర్ విలియం మాకీ 1963లో రాజు పిలుపు మీద భూటాన్‌కు వచ్చారు. 1968లో ఆయన సారథ్యంలో షెరుబ్‌ట్సే పబ్లిక్ స్కూల్‌గా తెరుచుకుంది. 1976లో జూనియర్ కాలేజీ అయింది. 1983లో డిగ్రీ కాలేజీగా ఢిల్లీ విశ్వవిద్యాలయానికి అనుబంధమైంది. 2003లో రాయల్ యూనివర్సిటీ ఆఫ్ భూటాన్ ఏర్పడ్డాక అందులో భాగమైంది. ఒక మాట గుర్తుపెట్టుకోవాలి. పాఠం చెప్పే పాదిరీలు మతం ప్రచారం చేయకూడదన్న ఒప్పందం మీదే అక్కడ అడుగుపెట్టారు. ఏ మతం వారైనా సరే, స్టాఫ్ రూములో గానీ క్లాసులో గానీ ఆ ఊసెత్తకపోవడమే మంచిది. ప్రలోభపెట్టి మతం మార్చడాన్ని అక్కడి రాజ్యాంగమే నిషేధించింది.

బడి పేరును బట్టే తరగతులు తెలుస్తాయి. ప్రైమరీ అంటే పీపీ (ప్రీ-ప్రైమరీ) నుంచి 6 దాకా, లోయర్ సెకండరీ 8 దాకా, మిడిల్ సెకండరీ 10 దాకా, హయ్యర్ సెకండరీ 12 దాకా. ఊరు పెరిగితే బడి ఒక్కో మెట్టు ఎక్కుతుంది. అందుకే ఇటీవల స్థాయి పెరిగిన బడికి వేస్తే ల్యాబులో పరికరాలు తక్కువగా ఉండవచ్చు. చేరిన రోజే స్టాక్ రిజిస్టరు అడిగి చూసుకోండి. లేనిదాన్ని నమ్ముకుని ప్రయోగాలు ప్లాన్ చేస్తే పరీక్షల ముందు ఇరుక్కుంటారు. పదో తరగతి బోర్డు పరీక్షను బీసీఎస్ఈ అంటారు, పన్నెండోది బీహెచ్ఎస్ఈసీ. ఒకప్పుడు ఈ పరీక్షలు ఢిల్లీలోని ఐసీఎస్ఈ కౌన్సిల్ నడిపేది, తర్వాత సొంత బోర్డు వచ్చింది. మన ఇంటర్ కాలేజీల్లోలా బిట్లు బట్టీ పట్టిస్తే సరిపోదు. ఏడాది పొడవునా ఇచ్చే ప్రాజెక్టులు, హోంవర్కుల మార్కులు కూడా లెక్కలోకి వస్తాయి. వాటి రికార్డు రాయడం వాయిదా వేస్తే నవంబరులో రాత్రుళ్లు కూర్చోవాల్సిందే.

ఇక హాస్టళ్లు. కొండల మీద ఊళ్లు చెదిరి ఉంటాయి, పిల్లలు గంటలకొద్దీ నడవాలి. అందుకని మొదటి నుంచీ బోర్డింగ్ బళ్లు ఎక్కువ. 1974 నుంచి ప్రపంచ ఆహార కార్యక్రమం బడి భోజనానికి సాయం చేసింది, 2018 చివరికి ఆ పని పూర్తిగా ప్రభుత్వం చేతికి వచ్చింది. మీకు దీంతో పనేమిటంటారా? బోర్డింగ్ బడిలో వంతుల వారీగా టీవోడీ, అంటే టీచర్ ఆన్ డ్యూటీ, మీ మీద పడుతుంది. తెల్లవారుజామున పిల్లల్ని లేపడం, భోజనశాల, సాయంత్రం స్టడీ, హాజరు, ఒంట్లో బాగోలేని పిల్లాణ్ని ఆరోగ్య కేంద్రానికి పంపడం, అన్నీ అందులోనే. పాఠం చెప్పి ఇంటికెళ్లిపోయే ఉద్యోగం అనుకుని వచ్చినవాళ్లు మొదట గునిసేది ఇక్కడే.

చేతిలో బెత్తం మాత్రం ఉండకూడదు. పిల్లల్ని కొట్టడం నిషేధం. మన దగ్గరా నిషేధమే అయినా, ఒక్క మొట్టికాయే కదా అని ఇక్కడ సరిపెట్టుకుంటారేమో గానీ అక్కడ అది కుదరదు.

మర్యాద విషయంలో మనకు ఒక సులువు ఉంది. మనం ‘అండి’ చేర్చినట్టే వాళ్లు మాట చివర ‘లా’ చేరుస్తారు. ‘కుజు జాంగ్‌పో లా’ అంటే నమస్కారమండి, ‘కాద్రిన్ చే లా’ అంటే ధన్యవాదాలండి. ఇంగ్లిష్ మాటకు కూడా ‘యెస్ సర్ లా’ అని తగిలిస్తారు. జోంగ్‌ఖా పంతులుగారిని లోపెన్ అంటారు, మిమ్మల్ని సర్ లేదా మేడమ్ అంటారు. మగవాళ్ల జాతీయ దుస్తులు ఘో, ఆడవాళ్లవి కీరా. వాటిని తొడుక్కోమని విదేశీయుల్ని బలవంతపెట్టరు. కాలర్ చొక్కా, పొడుగు ప్యాంటు, లేదా నిండుగా ఉండే చీర, చుడీదార్ చాలు. అసెంబ్లీలో ప్రార్థన, జాతీయగీతం అయ్యేదాకా కదలకుండా నిలబడాలి, ఫోను తీయకూడదు. టీచర్స్ డే సెప్టెంబరు 5న కాదు, మే 2న. మూడో రాజు పుట్టినరోజది.

కాగితాల సంగతి. ఆధార్ చూపించి లోపలికి వెళ్దామనుకుంటే భూటాన్ సరిహద్దు ఊరు ఫుంట్‌షోలింగ్‌లోనే ఆగిపోతారు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలు ప్రతి ఉండాలి. పిల్లలకు జనన ధ్రువపత్రం తప్పనిసరి. భారతీయులకు వీసా అక్కర్లేదు, కానీ ఎంట్రీ పర్మిట్ కావాలి. ఉద్యోగానికి వర్క్ పర్మిట్ వేరు, దాన్ని పనిలో పెట్టుకునేవారే తెప్పించాలి. అది చేతికి రాకముందే పర్యాటకుల్లా వెళ్లమని ఎవరైనా ఏజెంటు చెబితే నమ్మకండి. పర్యాటకులకు రోజుకు 1,200 రూపాయల రుసుము పడుతుంది, పైగా ఆ పర్మిట్ మీద పనిచేయడం నేరం. మీ బడి ఉన్న జిల్లా పేరు పర్మిట్‌లో ఉందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. డిగ్రీ, బీఎడ్ అసలు పత్రాలతోపాటు రెండేసి జిరాక్సులు, పది ఫోటోలు పెట్టుకోండి.

థింఫూ, పారో వైపు వెళ్లేవారు కోల్‌కతా సియాల్దా నుంచి కాంచన్‌కన్య ఎక్స్‌ప్రెస్‌లో హసీమారాలో దిగితే సరిహద్దు ఊరు జైగావ్ దగ్గరే. హౌరాలో దిగి సియాల్దాకు మారడానికి కనీసం మూడు గంటలు తేడా పెట్టుకోండి. కాంగ్‌లుంగ్, త్రాషిగాంగ్ వైపు పోస్టింగ్ అయితే థింఫూ మీదుగా వెళ్లొద్దు. ఫిబ్రవరిలో థ్రుమ్‌షింగ్ లా కనుమ మీద మంచు పడితే దారి మూస్తారు. గువాహటి వెళ్లి, అక్కడి నుంచి సరిహద్దు ఊరు సమ్‌ద్రుప్ జోంఖార్ మీదుగా ఎక్కండి, జోంఖార్ నుంచి త్రాషిగాంగ్ దాదాపు 180 కిలోమీటర్లు. మెలికల దారి, కడుపు తిప్పుతుంది, ఖాళీ కడుపుతో కాదు గానీ తేలిగ్గా తిని ఎక్కాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా కొండచరియలు విరిగిపడతాయి, ఏ ప్రయాణానికైనా ఒక రోజు అదనంగా వేసుకోండి.

డబ్బు లెక్క తేలిక: ఒక ఙుల్‌త్రుమ్ మన రూపాయితో సమానం. రూపాయలు దుకాణాల్లో చెల్లుతాయి, వంద నోట్లు ఎక్కువ తీసుకెళ్లండి. జీతంలో మిగిలిన ఙుల్‌త్రుమ్‌లు మాత్రం సరిహద్దు ఊళ్లు దాటితే ఇండియాలో చెల్లవు. ఇంటికి బ్యాంకు ద్వారానే పంపాలి. గడియారం మనకంటే అరగంట ముందు.

వంట గురించి. థింఫూ ఎత్తు దాదాపు 2,300 మీటర్లు, నీళ్లు సుమారు 92 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో ఓ పట్టాన ఉడకదు, కుక్కర్ లేకుండా కాపురం పెట్టకండి. ఇడ్లీ పిండి చలికాలం రాత్రంతా ఉంచినా పొంగదు, గోరువెచ్చని నీళ్ల గిన్నెలో పెట్టి దుప్పటి కప్పాలి. చింతపండు, ఇంగువ, ఎండబెట్టిన కరివేపాకు తీసుకెళ్లండి. మిరపకాయలు మాత్రం మోసుకెళ్లక్కర్లేదు. అక్కడ మిరప కారం కోసం వేసేది కాదు, కూరగాయే. ఎమా దాత్షీ అంటే చీజ్‌లో ఉడికించిన మిరపకాయల కూర. గుంటూరు వాళ్లు కూడా మొదటిసారి నీళ్ల గ్లాసు దగ్గర పెట్టుకోవాలి. కట్టెల పొయ్యి, అంటే బుఖారీ, రగిలించి పడుకునేటప్పుడు కిటికీ ఒక వేలెడు తెరిచి ఉంచండి. పొగగొట్టం పూడుకుపోతే గదిలో చేరే విషవాయువుకు వాసన ఉండదు.

విద్యా సంవత్సరం ఫిబ్రవరి నుంచి డిసెంబరు మధ్య దాకా. చలి భరించలేక పెట్టిన ఏర్పాటిది, జూలైలో చిన్న విరామం ఉంటుంది. వెంట పిల్లల్ని తెస్తే, మన దగ్గర జూన్‌లో బడి తెరుస్తారు కాబట్టి తిరిగి వెళ్లినప్పుడు కొన్ని నెలల తేడా వస్తుంది. జోంగ్‌ఖా విషయంలో వాళ్లకు మినహాయింపు ఉంటుందా అన్నది చేర్పించే ముందే ప్రిన్సిపాల్‌ని అడగండి. డిసెంబరులో ఇంటికి రావాలంటే రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుచుకుంటాయి, అంటే అక్టోబరు మధ్యలోనే చూసుకోవాలి. ఆ టికెట్‌కు, బ్యాంకుకు వచ్చే ఓటీపీలు మీ ఇండియా నంబరుకే వస్తాయి. సరిహద్దు దాటి లోపలికెళ్తే రోమింగ్ లేని సిమ్ మూగబోతుంది. బయల్దేరే ముందే రోమింగ్ వేయించి, రీచార్జి ఆగిపోకుండా ఇంట్లో ఎవరికైనా అప్పగించండి.