బరువు మోసే కాలిని బట్టి పాశ్చాత్య కళాచరిత్రను చదివే విధానం

పాశ్చాత్య కళాచరిత్రను కొత్తగా చదవబోయేవారు పేర్లు, సంవత్సరాలు కంఠస్థం చేయడానికి ముందు, శిల్పంలోని మనిషి ఒంటి బరువును ఏ కాలిపై మోపి నిలిచాడో గమనించడం అలవాటు చేసుకోవాలి. నెల్లూరు గుళ్లలో త్రిభంగిలో నిలిచిన వేణుగోపాలుణ్ని చిన్ననాటి నుంచి చూస్తున్నవారికి ఈ చూపు కొంత ఉండనే ఉంటుంది.

ముందుగా క్రీ.పూ. 600 ప్రాంతపు గ్రీకు యువక శిల్పం 'కూరోస్', క్రీ.పూ. 440 ప్రాంతంలో గ్రీకు శిల్పి పోలిక్లీటస్ మలచిన బల్లెం వీరుడు 'డోరిఫోరస్', ఈ రెండింటినీ ఎదుటి నుంచి తీసిన ఫొటోలను ప్రింటు తీయించుకోండి. భుజాలను కలుపుతూ ఒక గీత, తుంటిని కలుపుతూ మరో గీత పెన్సిలుతో గీయండి. కూరోస్ ఎడమకాలు ముందుకు వేసినా రెండు గీతలూ అడ్డంగా, సమంగానే ఉంటాయి. డోరిఫోరస్‌లో బరువంతా కుడికాలిపై పడినందువల్ల ఆ వైపు తుంటి పైకి లేచి, భుజం కిందికి దిగి, గీతలు ఎదురెదురుగా వాలుతాయి.

డోరిఫోరస్ కంచు మూలం మిగల్లేదు. నేపుల్స్ మ్యూజియంలో ఉన్నది రోమన్ల కాలపు పాలరాతి నకలు. దాని కుడికాలి వెనుక ఉన్న చెట్టు మొద్దును తప్పక చూడండి. రాతి కాళ్లు అంత బరువును ఆపలేవు కనుక పెట్టిన ఊత అది. 18వ శతాబ్దం చివర నెల్లూరు దగ్గర దొరికిన బంగారు నాణేలపై ఉన్న ట్రాజన్, హాడ్రియన్ అనే రోమన్ చక్రవర్తుల కాలంలో ఇటువంటి నకళ్లకు మంచి గిరాకీ ఉండేది.

తరువాత ఇటలీలోని రావెన్నా నగరంలో ఉన్న శాన్ విటాలే చర్చిలో, 6వ శతాబ్దపు మొజాయిక్‌లో (రంగు ముక్కలు పొదిగిన చిత్రంలో) తూర్పు రోమన్ చక్రవర్తి జస్టీనియన్ పరివారం పాదాలను చూడండి; అవి నేలకు ఆనకుండా వేలాడుతున్నట్టుంటాయి. దీన్ని చేతగానితనంగా లెక్కగట్టడం అన్యాయమని నా దృఢాభిప్రాయం, ఎందుకంటే అక్కడ చూపదలచింది దేహభారం కాదు, రాజసం, దైవసన్నిధి.

ఇటలీలోనే పాడువాలో 1305 ప్రాంతంలో చిత్రకారుడు జొట్టో వేసిన కుడ్యచిత్రాల్లో వస్త్రాల మడతల కింద మళ్లీ బరువైన దేహం తెలుస్తుంది. 1420 దశకంలో మసాచ్చో ఫ్లోరెన్స్‌లోని బ్రాంకాచ్చి చాపెల్‌లో వేసిన చిత్రంలో, మనకు వీపు చూపి నిలిచిన పన్ను వసూలుదారు డోరిఫోరస్ లాగే ఒంటికాలిపై బరువు మోపాడు. అందరి పాదాల వద్దా నీడలు పడ్డాయి.

చివరగా 1501-04 మధ్య మైకెలాంజెలో చెక్కిన అయిదు మీటర్ల 'డేవిడ్'పై అవే గీతలు గీసి, డోరిఫోరస్ పక్కన పెట్టండి. బరువు మోసే కుడికాలు, దాని వెనుక మొద్దు, కిందికి వేలాడే కుడిచేయి రెండింటిలోనూ ఒకటే. ముడిపడిన కనుబొమలు, ఉబ్బిన నరాలతో కొలతకు మించి పెద్దదైన ఆ చేయి మాత్రం డేవిడ్‌కే సొంతం కనుక, వాటిని విడిగా గీసి చూసుకోండి.