పల్లపు స్థలాన్ని మెరక చేసిన తీరు: నా అనుభవం

టెక్కలి సమీపంలోని మా 10 సెంట్ల స్థలం ఒకప్పటి వరిమడి కావడంతో రోడ్డుకంటే 2 అడుగులు పల్లంగా ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కురిపించిన నీరు అందులో రోజుల తరబడి నిలిచిపోయింది. తొందరపడి ట్రాక్టర్లతో గ్రావెల్ తోలించి ఒకేసారి పరిపించగా, మరుసటి వానాకాలానికే అది గుంతలుగా కుంగిపోయింది. పోయిన డబ్బుకన్నా నా తెలివితక్కువతనమే ఎక్కువ బాధించింది. ఆ గ్రావెల్‌నంతా ఒక పక్కకు తీయించి, అడుగున మిగిలిన గడ్డివేళ్లను, మెత్తటి పైమట్టిని జానెడు లోతు వరకు గీకించి, 9 అంగుళాలకు మించని పొరలుగా మళ్లీ పరిపిస్తూ, ప్రతి పొరనూ తడిపి, బురద కాకుండా కాస్త ఆరనిచ్చి రోలరుతో తొక్కించాను. వాలును వీధి కాలువ వైపు ఉంచాను. పునాది గోతులను మాత్రం ఆ మెరకలోనే ఆపకుండా, కింద గట్టినేల తగిలేవరకు తవ్వించాను.