తుమ్మలపెంట ఇసుకలో హిండెన్‌బర్గ్‌ను గీయడం ఎలా

కావలి పక్కన ఒక హైస్కూల్లో ఇరవై ఆరేళ్లు ఫిజికల్ సైన్స్ చెప్పాను. తేలే సూత్రం పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద హిండెన్‌బర్గ్ గాలి ఓడ (గ్యాస్ బలంతో గాల్లో తేలుతూ మనుషులను మోసుకెళ్లే ఓడ) బొమ్మ గీసి, పక్కన "పొడవు 245 మీటర్లు" అని రాసేదాన్ని. పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవాళ్లు. ఒక ఏడాది తొమ్మిదో తరగతి పిల్లవాడు లేచి, "మన బడి కంటే పొడుగా మేడం?" అన్నాడు. బడి పొడవెంతో నాకే తెలీదు. కొలిస్తే అరవై మీటర్లు కూడా లేదు. ఆ ఆదివారం తుమ్మలపెంట బీచ్‌కి వెళ్లి, ఆ ఓడను అసలు కొలతతో ఇసుకలో గీశాం. రిటైరయ్యే దాకా ఏటా గీశాం. మీ ఊరి పిల్లలతో మీరూ చేయాలనుకుంటే ఇలా చేయండి.

ముందు రోజు చూసుకోండి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువ, నీళ్లు బాగా పైకి వస్తాయి. అష్టమి, నవమి ప్రాంతంలో ఆదివారం పడితే అదే మంచి రోజు. ఫిబ్రవరి అయితే ఎండ కూడా ఇబ్బంది పెట్టదు. పొద్దున ఆరింటికల్లా ఇసుక మీద ఉండాలి, తొమ్మిదిన్నరకు ముగించాలి. ముందు రోజే పక్కనున్న పట్టపుపాళెం వెళ్లి, పోటు ఎప్పుడొస్తుందో పడవల వాళ్లనే అడగండి. వాళ్లు చెప్పిన టైమ్ మాకు ఒక్కసారి కూడా తప్పలేదు. బీచ్ దూరమనుకుంటే నీళ్లు ఎండిన చెరువు చాలు.

తాడు కూడా వాళ్ల దగ్గరే దొరుకుతుంది. మొదటి ఏడాది నైలాన్ తాడుకి ముడులు వేసి కొలిచాం. ఇద్దరు పిల్లలు గట్టిగా లాగేసరికి తాడు సాగింది, ఓడ ఏడు మీటర్లు పొడుగైంది. అప్పటి నుంచి కొలతకి టేపు, గీతకి మాత్రమే తాడు. ఎంత కావాలని ఒక పెద్దాయన అడిగితే 245 మీటర్లన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "బారల్లో చెప్పు టీచరమ్మా" అన్నాడు. రెండు చేతులూ చాపితే బార, అంటే ఆరడుగులు. లెక్క కడితే 134 బారలు. "ఏందీ, అంత పొడుగుది గాల్లో పోయిందా!" అన్నాడాయన. పిల్లలకి కూడా మీటర్లతో పాటు బారల్లో చెప్పండి. చేతులు చాపి వరసగా నిలబడితే పొడవు వాళ్లకే తెలుస్తుంది.

ఓడ వెడల్పు 41.2 మీటర్లు. బీచ్ అంత వెడల్పు ఉండకపోతే సగం ఓడే గీయండి. సరుగుడు తోట అంచును నడిమి గీతగా పెట్టుకుని, సముద్రం వైపు సగం గీస్తే సరిపోతుంది. ముక్కు దగ్గర ఒక గుంజ పాతి, అక్కడి నుంచి 20 మీటర్ల దగ్గర 12, 50 దగ్గర 18, 80 నుంచి 130 దాకా 20.6, 170 దగ్గర 17, 210 దగ్గర 10 మీటర్లు పక్కకి కొలిచి ఒక్కో పిల్లని నిలబెట్టండి. 245 దగ్గర తోక. నడుము కొలత తప్ప మిగతావి నేను ఫొటో చూసి వేసుకున్న అంచనాలు, ఆకారం రావడానికి చాలు. పిల్లల కాళ్ల పక్కగా తాడు పరిచి, దాని వెంట గునపంతో గీత లాగండి. లోపల గ్యాస్ సంచులు పదహారు ఉండేవి, వాటికి అడ్డగీతలు గీయించండి.

ఇప్పుడు మనుషుల చోటు. ఓడ పొట్ట భాగంలో సుమారు రెండు మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పున ఒక గది గీయండి. పైనొకరు, కిందొకరు ఇద్దరు పడుకునే గది అది. కిటికీ లేదు. 1936లో అలాంటివి 25 గదులు, 50 మంది ప్రయాణికులు. పిల్లలు ఆ చిన్న గదిలో పడుకుని, తల తిప్పి, అంత దూరాన ఉన్న తోక వైపు చూస్తారు. ఆ చూపు కోసమే ఈ పనంతా. ఓడలో దాదాపు అంతా గ్యాసే, మనుషులకి దక్కింది ఒక మూల.

ఎందుకలా అని వాళ్లే అడుగుతారు. అప్పుడు గుంజలతో కట్టిన ఇంకో గది చూపించండి. ఇదే నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, దీనికి అరగంట కేటాయించండి. పది అడుగుల సరుగుడు గుంజలు పన్నెండు తెప్పించి, పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తుతో చట్రం కట్టించండి. మన ఇళ్లలో మామూలు గది అంత ఉంటుంది. దాని ఘనపరిమాణం 28 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోల బరువు. అంతే చోటులో హైడ్రోజన్ వంద గ్రాములు కూడా ఉండదు. అంటే ఘనపు మీటరుకి 1.1 కిలోలు పైకి లేస్తాయి. గది నిండా హైడ్రోజన్ నింపితే 31 కిలోలు. మా ఐదో తరగతి పిల్ల ఒకతె సరిగ్గా అంత బరువుండేది. ఆమెను చట్రంలో నిలబెట్టి, "ఈ ఒక్క పిల్లను లేపడానికి ఒక గది గ్యాస్ కావాలి" అంటే ఎవరికీ మళ్లీ చెప్పే పని లేదు. హిండెన్‌బర్గ్‌లో రెండు లక్షల ఘనపు మీటర్లు. లెక్క పిల్లలనే కట్టనివ్వండి, 220 టన్నులు వస్తుంది. అందులోనే చట్రం, ఇంజన్లు, డీజిల్, నీళ్లు, సిబ్బంది, వంటిల్లు అన్నీ పోవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. గ్యాస్ బుడగలతో తేలడం చూపిద్దామని అనిపిస్తుంది. నాకూ అనిపించింది. రొట్టెల పండగకి నెల్లూరు వెళ్లినప్పుడు అరడజను కొని తెచ్చాను. ఒక బుడగ దీపం దగ్గరికి పోయి భగ్గుమంది, ఒక పిల్ల చేతి వెంట్రుకలు కాలాయి. అంతటితో పోయింది కాబట్టి ఈ రోజు చెప్పగలుగుతున్నాను. లోపల హైడ్రోజన్ ఉందో హీలియం ఉందో బయటికి తెలీదు. కొనొద్దు. గది లెక్క చాలు.

ఓడలో ఆట ఆడించండి. ఒక పిల్ల సిబ్బందిగా నిలబడి, ఎక్కేవాళ్ల దగ్గర అగ్గిపెట్టెలు తీసుకోవాలి. నిజంగానే తీసుకునేవాళ్లు. అంత హైడ్రోజన్ కింద పొగ తాగడానికి ఒక గది కూడా ఉండేది. దానికి రెండు తలుపుల దారి, బయట గ్యాస్ లోపలికి రాకుండా గదిలో గాలి ఒత్తిడి కాస్త ఎక్కువ, వెలిగించుకోవడానికి ఒకే ఒక కరెంటు లైటర్. టికెట్ 400 డాలర్లు. జర్మనీ నుంచి అమెరికాకి రెండున్నర రోజులు, సముద్రం మీద వేగంగా పోయే ఓడలకు నాలుగైదు రోజులు పట్టే కాలంలో.

హిండెన్‌బర్గ్ మంటల్లో కాలిపోయిన సంగతి ఎప్పుడు చెప్పాలన్న విషయంలో నేను చాలా ఏళ్లు తప్పు చేశాను. మొదట్లోనే చెప్పేస్తే పిల్లలకి అదొక్కటే గుర్తుంటుంది. ముందు గ్రాఫ్ జెప్పెలిన్ అనే పాత గాలి ఓడ గురించి చెప్పండి. 1928 నుంచి తొమ్మిదేళ్లలో 590 ప్రయాణాలు, దాదాపు 17 లక్షల కిలోమీటర్లు, ఒక్క ప్రయాణికుడికీ గాయం లేదు. 1929లో భూమి చుట్టి వచ్చింది. అంతకు ముందే 1909లో పుట్టిన జర్మన్ గాలి ఓడల కంపెనీ డెలాగ్, మొదటి ప్రపంచ యుద్ధం దాకా పది వేల మందికి పైగా టికెట్ ప్రయాణికులను ఎక్కించుకుంది, ఒక్కరూ చనిపోలేదు. మనుషులు నమ్మి ఎక్కారంటే కారణం ఉంది. ఆ తర్వాత 1937 మే 6, అమెరికాలోని లేక్‌హర్స్ట్. పిల్లలందరినీ గీత మీద నిలబెట్టి నిశ్శబ్దంగా 34 దాకా లెక్కపెట్టించండి. దాదాపు ఆ లోపే ఓడంతా కాలిపోయింది. ఓడలో 97 మంది ఉంటే 35 మంది, నేల మీద ఒకరు పోయారు. 62 మంది బతికారని కూడా తప్పకుండా చెప్పండి. హీలియం ఎందుకు వాడలేదని అడుగుతారు. అది అప్పట్లో అమెరికా దగ్గరే ఉండేది, 1925 చట్టంతో బయటికి అమ్మడం ఆపేశారు.

మన దేశానికి రావలసిన గాలి ఓడ కూడా ఒకటుంది. బ్రిటిష్ వాళ్ల ఆర్ 101 కోసం కరాచీలో పెద్ద షెడ్డు కట్టారు. వేడి దేశాల్లో పెట్రోలు ప్రమాదమని బరువైన డీజిల్ ఇంజన్లు పెట్టారు. 1930 అక్టోబర్ 5న ఫ్రాన్స్‌లో బోవే దగ్గర వానలో కూలింది. 54 మందిలో 48 మంది పోయారు. షెడ్డు ఖాళీగా మిగిలింది.

ఇక విమానాలు, ఓడ గీతకి పక్కనే గీయండి. మొదట 1914 జనవరి 1న ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి టాంపాకి ఎగిరిన నీటి విమానం. పైలట్ టోనీ జానస్, పక్కన ఒకే ప్రయాణికుడు. 23 నిమిషాల ప్రయాణం. మొదటి టికెట్ వేలంలో 400 డాలర్లు పలికింది, తర్వాత 5 డాలర్లే. ఆ 5 డాలర్లకి మనిషీ సామానూ కలిపి 91 కిలోలు దాటకూడదు. చేపల కాటా అడిగి తెచ్చుకుని, పిల్లలని బడి సంచితో సహా తూకం వేయండి. తరవాత మిమ్మల్ని కూడా ఎక్కమంటారు, ఎక్కండి.

రెండోది పుస్ మాత్. రెక్కల వెడల్పు 11.2 మీటర్లు. 1932 అక్టోబర్ 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి నడిపింది ఈ రకం విమానాన్నే. అక్కడి నుంచి పైలట్ నెవిల్ వింటెంట్ ఉత్తరాలను బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చాడు. చోటుంటే ఉత్తరాల సంచుల మధ్య ఒక ప్రయాణికుడు. రెండు బియ్యం సంచుల నిండా కాగితాలు పెట్టి మధ్యలో ఒక పిల్లవాడిని కూర్చోబెట్టండి. మరొకడు పక్కనే స్టీలు పళ్లెం వాయిస్తూ ఉండాలి, ఆ రోజుల్లో ఇంజన్ మోతకి ప్రయాణికులకి చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చేవాళ్లు. లండన్ నుంచి కరాచీకి 1929లో మొదలైన బ్రిటిష్ విమాన కంపెనీ ఇంపీరియల్ ఎయిర్‌వేస్ దారి ఏడు రోజులు, టికెట్ 130 పౌండ్లు, మధ్యలో రైలు కూడా ఎక్కాలి. లండన్‌లో రాసిన ఉత్తరం కరాచీకి, బొంబాయికి, మద్రాసుకి, అక్కడి నుంచి రైల్లో నెల్లూరుకి ఎలా వస్తుందో ఒక్కొక్క చోట ఒక్కొక్కరిని నిలబెట్టి చేతులు మార్పించండి. ఆ దారిలో పోయిన మన మద్రాసు ప్రెసిడెన్సీ మాజీ మంత్రి ఏ.టి. పన్నీర్‌సెల్వం పేరు కూడా చెప్పండి. 1940 మార్చి 1న ఒమన్ సింధుశాఖ మీద హానిబాల్ విమానంతో పాటు ఆయన కనబడకుండా పోయారు.

చివరిది డీసీ-3, మొదట ఎగిరింది 1935 డిసెంబర్ 17న. రెక్కలు 29 మీటర్లు, పొడవు 20. ఒక పక్క ఇద్దరు, ఒక పక్క ఒకరు, ఏడు వరసల్లో 21 మంది పిల్లలను కూర్చోబెట్టండి. గాలి ఓడల కాలం ఎందుకు ముగిసిందో వాళ్లే కొలిచి చెబుతారు. కానీ సముద్రం మధ్య ఆగకుండా అట్లాంటిక్ దాటించే పని డీసీ-3 వల్ల కాదు, ఆ మాట మీరు గుర్తు చేయాలి.

ఎనిమిదిన్నరకి కాటా తిరిగి ఇచ్చేయండి, చేపల వేలం మొదలవుతుంది. తాళ్లని ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, తోటలో ఆరేసి, చుట్టలు చుట్టి పంపండి.